బ్రోకర్లు ఫోన్ చేయవద్దు

అట్టముక్క మీద నల్ల స్కెచ్చి పెన్నుతో
నేనే రాశాను.
"ఇల్లు అమ్మబడును" అని రాసి ఆగాను.
ఎవరిచేత అమ్మబడును?
ఆ వాక్యంలో మనిషి లేడు.
కొట్టేసి కింద రాశాను: ఇల్లు అమ్ముతున్నాను.
నా నంబరు. దాని కింద
రెండు గీతలు గీసి: బ్రోకర్లు ఫోన్ చేయవద్దు.

మొదటి ఫోన్ బంగార్రాజుది.
"అమ్మా, నేను బ్రోకర్ని కాదు, కొనేవాణ్ణే."
సందు మొదట్లో టీ కొట్టు బల్ల మీద
అతను కాళ్ళూపుకుంటూ మాట్లాడటం
మేడ మీంచి నాకు కనిపిస్తూనే ఉంది.
ఆ మాటే అంటే నవ్వేశాడు.
"రెండు శాతం కాడ ఇంత ఇదయిపోతారేటమ్మా!
ఇల్లమ్మాలంటే నోరుండాల. మీకుందా?"

నలభై ఆరు లక్షలకి రెండు శాతం
తొంభై రెండు వేలు.
లెక్క కరెంటు బిల్లు వెనక వేసి
ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
నోటి సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.

కోటవీధి దాటాక మూడో సందు.
అరవై గజాలు. కింద ఒక గది, పైన రెండు.
వచ్చినవాళ్ళకి ముందు మేడే చూపించేదాన్ని.
హార్బర్ క్రేన్లు మెడలు చాపి ఉండేవి.
అప్పుడే ఓడ కూస్తే నా అదృష్టం,
మాట్లాడే పని దానికి వదిలేసేదాన్ని.
కిటికీల దగ్గర మాత్రం నిలబడనిచ్చేదాన్ని కాదు.

మా కిటికీలకి మసి పడుతుంది.
పోర్టులో బొగ్గు దించినప్పుడు
గాలి ఇటు తిరిగితే చాలు,
పొద్దున్న తుడిచిన గట్టు మీద మధ్యాహ్నానికి
వేలితో పేరు రాసుకోవచ్చు.
ఆ మసే మా ఆయన గుండెల్లో కూర్చుంది.
ముప్ఫై ఏళ్ళు వించ్ నడిపిన మనిషి
మూడు మెట్లకోసారి ఆగుతున్నాడు.
డాక్టరు చీటీ మీద మందుల కింద
"ఊరవతల గాలి" అని రాశాడు.
అందుకే ఈ అట్టముక్క.

ఎవరైనా వస్తున్నామంటే
అరగంట ముందే తడిగుడ్డ పట్టుకునేదాన్ని.
గట్లు, ఊచలు, స్విచ్చి బోర్డులు,
దేవుడి పటం పై అంచు.
బాత్రూం తూములోకి నీళ్ళు నల్లగా దిగేవి.
"ఎంత నీటుగా ఉంచారండీ" అనేవారు.
అదే నా నోరు.

ఆదివారం రమీజా వచ్చింది, మొగుడితో,
మల్కాపురం నుంచి ఆటోలో,
అనుకున్న టైముకంటే ముందే.
భుజం మీద ఏడాది పిల్ల.
పిల్ల దగ్గింది.
చిన్న దగ్గే, పిల్లి తుమ్మినంత.
లోపలి గదిలోంచి మా ఆయన దగ్గు
దానికి జవాబు చెప్పింది.

బంగార్రాజు ఉంటే
"వాతావరణం మారింది కదండీ" అనేవాడు.
నాకూ ఆ పిల్లకీ మధ్య
నిలబడ్డానికి అతను లేడు.
గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.
విప్పి చూపించాను.

రమీజా దాన్ని వేలితో ముట్టుకుంది.
"మా కాడా ఇంతేనమ్మా, పైన నూనె వాసన.
కుళాయి రెండుపూటలా వస్తదా?"
వస్తుందన్నాను. అది నిజం.
పిల్లని తూర్పు గదిలో పడుకోబెట్టమ్మా,
అటు తక్కువ, అన్నాను. అదీ నిజం.
మొగుడు గుడ్డకేసి, నాకేసి చూసి
"మసికి ఓ లక్ష తగ్గించండి" అన్నాడు.

తొంభై రెండు వేలూ,
పైన ఇంకో ఎనిమిది వేలూ.
మా ఆయన నవ్వాడు, నవ్వలేక ఆగాడు.

రిజిస్ట్రారాఫీసులో బొటనవేలు
మిషను మీద పెట్టమన్నారు.
పడలేదు.
తుడుచుకుని పెట్టండమ్మా, అన్నాడు కుర్రాడు.
మూడోసారికి పడింది.

ఇప్పుడు పెందుర్తి దాటాక ఓ వాటా.
లేవగానే కిటికీ గట్టు మీద వేలు రాస్తాను.
ఏమీ రాదు.
చేతులకి పని తోచదు.

గోడ మీద ఆ అట్ట తియ్యడం మర్చిపోయాం.
నిన్న ఎవరిదో ముసలి గొంతు:
"ఇల్లు ఉందా అమ్మా?"
ఉంది, అన్నాను.
మేడెక్కితే క్రేన్లు కనిపిస్తాయన్నాను.
వానాకాలం తలుపులు ఉబ్బుతాయి,
కింద కొంచెం ఎత్తి లాగాలన్నాను.
నీళ్ళ సంగతి, మసి సంగతి,
అన్నీ చెప్పాను.
అమ్మేశానని చెప్పేసరికి
చాలాసేపయింది.